ఏజెంట్ హామీ, సర్వేయర్ కోత: క్లెయిమ్ తేల్చే అధికారం ఎవరిది?

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే వేళచ్చేరి, పళ్ళికరణై వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో ఈ గొడవ మళ్ళీ లేస్తుంది. బేస్‌మెంట్‌లో కారు మునిగింది. పాలసీ అమ్మిన రోజు ఏజెంట్ 'అన్నీ కవర్ అవుతాయి సార్' అన్నాడు. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి ఇంజన్ ఖర్చు మొత్తం కొట్టేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే 'రిపోర్ట్ అలా వచ్చింది, మా చేతుల్లో ఏమీ లేదు' అంటున్నారు.

చట్టం మాత్రం అలా చెప్పడం లేదు.

2015 వరదలు, 2023 మిచాంగ్ తుపాను అందరికీ గుర్తే కాబట్టి వాటి జోలికి పోను. అసలు మలుపు 1968లో ఉంది. ఆ ఏడాది 1938 నాటి బీమా చట్టాన్ని సవరించి 64యూఎం అనే సెక్షన్ చేర్చారు. నష్టం ఒక పరిమితి దాటితే, లైసెన్సున్న సర్వేయర్ రిపోర్ట్ లేకుండా డబ్బు చెల్లించకూడదన్నది దాని సారాంశం. చాలా ఏళ్ళు ఆ పరిమితి 20,000 రూపాయలు. 2015 నిబంధనల్లో దాన్ని వాహనాలకి 50,000, మిగతా వాటికి లక్ష చేశారు. ఇంతవరకు ఎవరూ కాదనరు. కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు వాక్యం ఉంది: సర్వేయర్ లెక్కకట్టిన మొత్తానికి భిన్నమైన మొత్తానికి క్లెయిమ్ పరిష్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది.

ఇప్పటి తగాదా అంతా ఈ వాక్యం నుంచే పుట్టిందని నా అభిప్రాయం. సర్వేయర్ పని నష్టం లెక్కకట్టడం వరకే. ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ నిర్ణయం. సర్వేయర్‌ని పెట్టేదీ, ఫీజు ఇచ్చేదీ కూడా కంపెనీయే. రిపోర్ట్ తనకి అనుకూలంగా ఉంటే దాన్ని అడ్డం పెట్టుకోవచ్చు, లేకపోతే మినహాయింపు వాడుకోవచ్చు, ఇంకో సర్వేయర్‌ని పంపొచ్చు. పాలసీదారుకి ఇలాంటి వెసులుబాటు ఏదీ లేదు. నలభై ఏళ్ళు ఇలాగే నడిచింది.

2009లో సుప్రీంకోర్టు దీనికి కళ్ళెం వేసింది. న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సర్వేయర్ రిపోర్ట్ తుది మాట కాదని తేల్చింది. అది కంపెనీనీ కట్టిపడేయదు, పాలసీదారునీ కట్టిపడేయదు అంది. మరమ్మతు బిల్లులను నమ్మి కింది వినియోగదారుల ఫోరాలు ఇచ్చిన ఉత్తర్వును నిలబెట్టింది. అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. తమకి కావలసిన రిపోర్ట్ వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరిని సర్వేయర్లుగా పెట్టుకుంటూ పోవడం కుదరదు, మొదటి రిపోర్ట్‌ని పక్కన పెట్టాలంటే సరైన కారణాలు చూపాలి అంది.

కంపెనీల వాదనా ఉంది: సర్వేయర్ లేకపోతే గ్యారేజీ వేసిన బిల్లే బిల్లు అవుతుందని. 2021లో ఖతేమా ఫైబర్స్ తీర్పు వాళ్ళ వైపు కొంత మొగ్గింది. సర్వేయర్ ప్రవర్తనా నియమావళి ప్రకారం నడిచి, రిపోర్ట్ ఇష్టారాజ్యంగా లేకపోతే, వినియోగదారుల ఫోరం తనే సర్వేయర్‌లా మళ్ళీ లెక్కలు కట్టకూడదు.

ఇక ఏజెంట్. 1997లో హర్షద్ షా కేసులో, ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంట్‌కి లేదన్న ఎల్ఐసీ నిబంధనను కోర్టు సమర్థించింది. ఏజెంట్ చేతికిస్తే ఎల్ఐసీకి ఇచ్చినట్టు కాదని తేల్చింది. చిత్రమేమిటంటే, ఏజెంట్ కంపెనీ తరఫున ప్రీమియం తీసుకుంటే సెలవులు మినహాయించి 24 గంటల్లో జమ చేయాలన్న నియమాన్ని కూడా ఆ 1968 సవరణే పెట్టింది. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ ఏజెంట్ల నియామకాన్ని కంపెనీలకే అప్పగించింది. ఏజెంట్ చేసిన పనులకీ, చేయకుండా వదిలేసిన వాటికీ కంపెనీదే బాధ్యత అని, కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చని రాసింది. ఏజెంట్ నోటి మాటతో పాలసీ షరతులు మారవు, నిజమే. కానీ 'అతనెవరో మాకు తెలియదు' అనే దారి మాత్రం మూసుకుపోయింది.

మునిగిన కారు విషయంలో తగువంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: నీళ్ళలో ఉండగా స్టార్ట్ చేశారా? చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దాన్ని పర్యవసాన నష్టం అంటారు, అదనపు ప్రీమియం కట్టి తీసుకునే ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే మామూలు పాలసీలో రాదు. స్టార్ట్ చేయకుండా టోయింగ్ చేయించినవాళ్ళకీ ఇదే కారణం రాసి కోత పెడితే, సర్వేయర్ ఏ ఆధారంతో అలా రాశాడో రిపోర్ట్‌లో కనిపించాలి. ఆ రిపోర్ట్ కాపీ అడిగి తీసుకోవచ్చు. టోయింగ్ బిల్లు, గ్యారేజీ విప్పినప్పటి ఫొటోలు దాచుకోవాలి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం అక్కడ ఉంది.