ఇంట్లో ఆటలు, సెలవుల్లో ఊళ్ళు: నేను రోజూ వినే అపోహలు, కళ్ళారా చూసిన వాస్తవాలు

పదమూడేళ్ళుగా విజయవాడలో కుటుంబాలకి సెలవుల ప్రయాణాలు కుదిర్చి పెడుతున్నాను. వేసవిలో మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని, వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి సాయంత్రాలు ఆటలు ఆడిస్తాను. ఏ హోటల్ బాగుంటుంది, ఎంత అవుతుంది అని అడిగేవాళ్ళే ఎక్కువ. కానీ హోటల్ వల్ల ప్రయాణం చెడిపోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను. ఒక రోజులో ఐదు రోజుల పని కుక్కెయ్యడం, ఆ పనంతా ఒక్క మనిషి నెత్తిన పెట్టెయ్యడం, ఎక్కువగా ఈ రెండింటి వల్లే చెడిపోతుంది.

అపోహ: ప్లాన్ వేస్తే సరదా పోతుంది, అప్పటికప్పుడు అనుకుని బయల్దేరితేనే మజా.

వాస్తవం: పెళ్ళికాని నలుగురు స్నేహితులకి ఇది నిజమే కావచ్చు. ఐదేళ్ళ పిల్ల, షుగర్ ఉన్న తాతగారు ఉన్న ఇంటికి మాత్రం కాదు. తాతగారికి ఒంటిగంటకల్లా అన్నం పడాలి, పిల్లకి మూడింటికి నిద్ర ముంచుకొస్తుంది, ఈ రెండూ ముందే రాసుకుంటే మిగతా రోజంతా మీ ఇష్టం. రైలు టికెట్లు ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవాళ్ళు, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకి తగ్గించారు, అంటే మే మొదటి వారంలో ఎక్కాలంటే మార్చి మొదటి వారంలో టికెట్లు తెరిచే రోజు పొద్దున్నే కూర్చోవాలి. ఐదేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణమైతే బెర్తు తీసుకోమనే చెప్తాను, ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పక్కన ఇరికించుకుని తెల్లవార్లూ మేలుకున్న తల్లి మర్నాడు ఏం చూస్తుంది?

సెలవు రోజులు కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, జూ పార్కు సోమవారం తెరవరు. శుక్రవారం పొద్దున్నే పిల్లల్ని ముస్తాబు చేసుకుని మ్యూజియం గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. ఇంట్లో రెండు నిమిషాలు చూసుకుంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

అపోహ: అంత దూరం వెళ్ళాం కాబట్టి ఒక్కటీ వదలకుండా చూసి రావాలి.

వాస్తవం: అరకు సంగతి చెప్తాను. మా దగ్గర ఎక్కువమంది అడిగేది అదే, ఎక్కువమంది అలిసిపోయి తిరిగొచ్చేదీ అక్కణ్ణించే. విజయవాడలో రాత్రి రైలెక్కడం, తెల్లారి విశాఖలో దిగి ఏడు కాకముందే బయల్దేరే కిరండూల్ రైలు పట్టుకోవడం, నాలుగు గంటలు ప్రయాణం చేసి అరకు, దిగీ దిగగానే గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, అక్కణ్ణించి చాపరాయి జలపాతం, తిరుగుదారిలో బొర్రా గుహలు, రాత్రికి విశాఖ. కాగితం మీద చక్కగా కుదురుతుంది. కానీ సాయంత్రం ఘాట్ రోడ్డు మలుపుల్లో చిన్నది వాంతి చేసుకుంటుంది, బొర్రా మెట్లు చూసి నాన్నమ్మ "మీరు వెళ్ళి రండమ్మా, నేనిక్కడే కూర్చుంటా" అంటుంది, ఇంటాయన డ్రైవర్ మీద విసుక్కుంటాడు. రెండేళ్ళ తర్వాత పిల్లల్ని అడగండి, గుర్తున్నది వాంతే.

నేను రెండు రోజులు వేస్తాను. మొదటి రోజు పెద్ద పని రైలు ప్రయాణమే. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి, 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలిస్తున్నారు. అది దొరికితే మంచిది, దొరక్కపోయినా మామూలు పెట్టె కిటికీ చాలు. రైలు కదలకముందే ఎన్ని సొరంగాలు వస్తాయో ఇంట్లో అందరూ తలా ఒక అంకె చెప్పాలి, పెద్దమ్మాయి పుస్తకంలో రాసుకోవాలి, సొరంగం వచ్చినప్పుడల్లా ఒక గీత. ఆ నాలుగు గంటల్లో ఫోన్ అడిగిన పిల్లని నేనింకా చూడలేదు. అరకులో దిగి తిని పడుకోవడం, చల్లబడ్డాక తోట. రెండో రోజు పొద్దున తేలిగ్గా ఇడ్లీ తిని బొర్రా చూసుకుని కిందికి. మలుపుల్లో పిల్లలకి ఫోన్ ఇవ్వకండి, దూరంగా ఉన్న కొండని చూడమనండి, కడుపులో తిప్పడం చాలావరకు తగ్గుతుంది. చాపరాయి ఈసారికి వదిలెయ్యండి, అది ఎక్కడికీ పోదు.

రోజుకి ఒక పెద్ద పని, ఒక చిన్న పని. మధ్యలో రెండు గంటలు ఏమీ రాయకుండా వదిలెయ్యాలి. ఆ రెండు గంటల్లోనే పిల్లలు తాతగారి మంచం మీదికి చేరతారు.

అపోహ: పెద్దవాళ్ళు వెంట ఉంటే ఎక్కడికీ కదలలేం.

వాస్తవం: వాళ్ళని కూడా మన వేగంతో నడిపించాలనుకుంటే కదలలేం, అది నిజమే. గోల్కొండనే తీసుకోండి. పైన బాలాహిసార్ దాకా మూడు వందలకి పైగా మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని ఎక్కించడం పాపం. కానీ కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినబడుతుంది కదా, అక్కడ నిలబడే పని తాతగారికివ్వండి. పొద్దున్నే తెరవగానే వెళ్ళాలి, జనం పెరిగితే ఎవరి చప్పుడో తెలియదు. మనవళ్ళు పైకెక్కి ఫోన్ చేస్తారు, "తాతయ్యా, ఇప్పుడు కొట్టు" అని. ఒక కుటుంబానికి నేనిలా చెప్పి పంపితే, సాయంత్రం ఆ పెద్దాయనే ఫోన్ చేసి ఎన్నిసార్లు కొట్టారో, ఎన్నిసార్లు వినబడిందో లెక్కతో సహా చెప్పారు.

అపోహ: ఇంట్లో ఉంటే ఎవరి ఫోన్ వాళ్ళదే. లేదంటే ఖరీదైన ఆటలు కొనిపెట్టాలి.

వాస్తవం: మొదట పక్కన పెట్టాల్సింది నాన్న ఫోన్. పిల్లలు చెప్పింది వినరు, చూసింది చేస్తారు. వారానికి ఒక సాయంత్రం, గంటన్నర, ఫోన్లన్నీ ఒక బుట్టలో, ఆ బుట్ట అలమారలో.

ఇక ఆటల డబ్బా. పాత బిస్కెట్ డబ్బాలో నాలుగు గవ్వలు, గుప్పెడు చింతపిక్కలు, ఒక సుద్దముక్క, ఒక పేకల కట్ట. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గరుకు నేల మీద అరగదీస్తే సరిపోతుంది, ఆ అరగదియ్యడమే పిల్లలకి ఒక పూట పని. నేల మీద అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్ళు గీస్తే అష్టాచెమ్మా. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. పులిజూదానికి మూడు పులులు, పదిహేను మేకలు, పులులకి గవ్వలు, మేకలకి చింతపిక్కలు. పదేళ్ళు దాటిన పిల్లలకి ఇది బాగా పడుతుంది, ఎందుకంటే మేకలవైపు ఆడేవాళ్ళు తొందరపడకుండా దారులు మూసుకుంటూ రావాలి. వామనగుంటల పీట ఇంట్లో లేకపోతే అటు ఏడు ఇటు ఏడు, పద్నాలుగు కప్పులు పెట్టుకోండి.

ఒక్కటి మర్చిపోవద్దు. ఆట మొదలుపెట్టే ముందే నియమాలు తేల్చుకోవాలి. అష్టాచెమ్మాలో ఎదుటివాళ్ళ కాయని చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళొచ్చా, వద్దా? కృష్ణా జిల్లా నాన్నమ్మ ఒకటి చెప్తుంది, కరీంనగర్ అమ్మమ్మ ఇంకొకటి చెప్తుంది, ఇద్దరూ కరెక్టే. ఈ వారం ఒకరి పద్ధతి, వచ్చే వారం ఇంకొకరిది. బాగా చిన్నపిల్లల్ని విడిగా ఆడించకుండా అమ్మమ్మ జట్టులో వెయ్యండి, గవ్వలు వేసేది పిల్ల, కాయ నడిపేది అమ్మమ్మ. గంటన్నర అవగానే ఆట మధ్యలో ఉన్నా ఆపెయ్యండి. ఇంకా కావాలని పిల్లలు గోల చేస్తే వచ్చే శనివారం వాళ్ళే డబ్బా తెస్తారు.

అపోహ: డబ్బు పెడితేనే సరదా.

వాస్తవం: పౌర్ణమి రోజు మేడ మీద చాప, పెద్ద బేసిన్‌లో ఆవకాయ అన్నం, వెనకాలే దద్దోజనం, చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ ఒకరు ముద్దలు పెట్టడం. వెన్నెల భోజనాలకి ఇంతకంటే ఏం ఖర్చు? కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు కూడా అంతే, ఇంటికో వంటకం వస్తుంది కాబట్టి ఎవరి వంటింటి మీదా భారం పడదు.

అపోహ: అన్నీ అమ్మ చూసుకుంటుంది, ఆమెకి అలవాటేగా.

వాస్తవం: దీని గురించి మాట్లాడితే నాకు గొంతు పట్టుకుంటుంది. చిన్నప్పుడు కార్తీక పౌర్ణమికి మంగినపూడి సముద్రస్నానానికి వెళ్ళేవాళ్ళం. మేమంతా నీళ్ళలో, మా అమ్మ ఒడ్డున బ్యాగులు, చెప్పులు, పులిహోర క్యారేజీ కాపలా. ఎన్నేళ్ళు వెళ్ళామో, అన్నేళ్ళూ అంతే. ఎవరూ కూర్చోమనలేదు, లేవమనీ అనలేదు.

అందుకే నా దగ్గరికొచ్చే ప్రతి కుటుంబంతో పేర్లు రాయిస్తాను. మందులు ఒకరు, టికెట్లు, ఆధార్ కార్డులు ఒకరు, నీళ్ళ సీసాలు పన్నెండేళ్ళ అబ్బాయి, తినుబండారాల సంచి వాళ్ళ చెల్లి. ఎవరి బట్టలు వాళ్ళే సర్దుకోవాలి, ఏడేళ్ళ పిల్ల కూడా, ఒక గౌను తక్కువైతే తక్కువైంది. తిరిగొచ్చేది బడి తెరిచే ముందురోజు రాత్రి కాకూడదు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి, ఉతికే బట్టలు కూడా అందరూ పంచుకోవాలి.

నీళ్ళ దగ్గరైతే ఈ పంపకం ఇంకా గట్టిగా ఉండాలి, అది ప్రాణాలతో పని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పాపికొండల పడవ మునిగి ఎంతమంది పోయారో మనందరికీ తెలుసు. వరద రోజుల్లో పాపికొండలు అడిగితే నేను వద్దనే చెప్తాను, మిగతా రోజుల్లో కూడా పడవ కదిలినప్పటి నుంచి దిగేదాకా లైఫ్ జాకెట్ విప్పకూడదు, ఫొటో కోసం కూడా. సముద్రం దగ్గర "అందరం చూస్తున్నాంలే" అనుకుంటే ఎవరూ చూడనట్టే. అరగంటకొకరు, పేరు పెట్టి, గడియారం చూసుకుని. ఆ అరగంట వాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు, కళ్ళు పిల్లల మీదే ఉండాలి.

పోయినేడు సూర్యలంకకి వెళ్ళినప్పుడు మొదటి అరగంట మా ఆయనది, రెండోది మా తమ్ముడిది, మూడోది నాది. అమ్మ పేరు ఎక్కడా రాయలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది, మూడు వంతులూ అయిపోయినా బయటికి రాలేదు.