ఎకో సౌండర్ అంకె పోయిందంటే మిషను పోయినట్టు కాదు: అపోహలు, వాస్తవాలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ కాకినాడలో నా పనంతా ఒడ్డు మీదే. ఫైబర్ బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కుతాయి. పగుళ్లకు అతుకులు వేస్తారు, రంగులు కొడతారు, నీటి లోతు అంకెల్లో చూపే ఎకో సౌండర్ కొన్నవాళ్లు బిగించమని పిలుస్తారు. జూన్ 15 తెల్లవారిందంటే ఇక ఫోన్లు మొదలు. గొంతులు వేరైనా మాట ఒక్కటే: “అన్నా, జెట్టీ దగ్గర బాగానే చూపించింది. స్పీడు పెంచితే అంకె పోతోంది. మిషను కాలిపోయిందా?”

కాలిపోలేదు. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చిన మిషన్లలో నిజంగా పాడైనవి చేతివేళ్లకు మించి ఉండవు. అయినా జనం మిషన్లు మారుస్తూనే ఉన్నారు. పక్క బోటువాడు మార్చమన్నాడని ఒకరు, దుకాణంలో ఎక్కువ వాట్లది కొనమన్నారని ఇంకొకరు. ఈ ఒక్క అపోహకు మనవాళ్లు తగలేసిన డబ్బు చూస్తే నాకు కడుపు మండుతుంది. అందుకే దీని గురించి వివరంగా చెప్పి, మిగతావి గబగబా ముగిస్తాను.

నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. ట్రాన్స్‌డ్యూసర్, అంటే మనం సెన్సర్ అనేది, కిందికి ఒక టిక్కు వదులుతుంది. అది నేలను తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మిషను లోతు లెక్క కడుతుంది. 30 మీటర్ల లోతులో ఈ రాకపోకలకు పట్టేది సెకనులో ఇరవై అయిదో వంతు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది గాలి సంగతి. నీళ్లలో పోతున్న శబ్దానికి గాలి ఎదురైతే అది దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. ఆవగింజంత బుడగలు సెన్సర్ ముఖం కింద వరుసగా జారిపోతుంటే దానికి రేకు అడ్డం పెట్టినట్టే. బోటు నిలబడి ఉన్నప్పుడు బుడగలు ఉండవు కాబట్టి జెట్టీ దగ్గర అంకె నిలకడగా ఉంటుంది. బోటు పరుగెత్తగానే పుడతాయి, అంకె పోతుంది. ఇందులో మిషను చేసిన తప్పేముంది?

పోయిన సీజనులో ఉప్పాడ వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. మొదటి మిషను స్పీడులో అంకె వదిలేస్తోందని దాన్ని సగం ధరకు అమ్మేసి, రెట్టింపు వాట్లున్నది కొన్నాడు. అదీ అలాగే చేస్తోంది. “భార్య చెవులవి కుదువ పెట్టాను అన్నా, ఇంట్లో ఇంకా చెప్పలేదు” అన్నాడు. మిషను బల్ల మీద పెట్టి విప్పబోతుంటే ఆపి, ముందు బోటు చూద్దాం పద అన్నాను.

బోటు వెనుక పలకకు సెన్సర్ సరైన ఎత్తులోనే ఉంది. దాని వెనకాల కూర్చుని బోటు అడుగును అరచేత్తో ముందు వైపు తడుముకుంటూ పోయాను. జానెడు దూరంలో చేతికి ఒక బుడిపె తగిలింది. ఎప్పుడో పడిన చిల్లుకు ఫైబర్ అతుకు వేసి, నున్నగా అరగదీయకుండా రంగు కొట్టేశారు. నిమ్మకాయ చెక్కంత ఉంటుంది. స్పీడులో నీళ్లు దాని మీద విరిగి, ఆ నురగంతా సూటిగా సెన్సర్ కిందికి వస్తోంది. బుడిపెను అరగదీశాం. సెన్సర్‌ను మూడు మిల్లీమీటర్లు కిందికి దింపాం. అరగంట పని. మర్నాడు సముద్రం మీద నుంచి ఫోను చేశాడు: “ఇరవై రెండు మీటర్లు అన్నా, కదలడం లేదు.” సంతోషించాను గానీ, ఆ చెవులవి గుర్తొచ్చి నోట మాట రాలేదు.

కాబట్టి అంకె పోయిన రోజున దుకాణానికి పోకండి. బోటు నీళ్లలో ఉండగా ఒక పరీక్ష చేయండి. లంగరు వేసి, ఇంజన్ ఆపి చూడండి. అంకె నిలకడగా ఉందా? ఇప్పుడు ఇంజన్ వేసి, గేరు వేయకుండా న్యూట్రల్‌లోనే కాసేపు రేజ్ చేయండి. అప్పుడే అంకె చెదిరి, తెర మీద చుక్కలూ నిలువు గీతలూ పడితే అది కరెంటు గొడవ. ఇంజన్ స్పార్కు నుంచో వైర్ల నుంచో వస్తోంది. సెన్సర్ వైరును ఇంజన్ వైర్ల కట్టలోంచి విడదీసి బోటు రెండో వైపు నుంచి తీసుకెళ్లండి, రెసిస్టర్ ఉన్న స్పార్క్ ప్లగ్ వేయించండి. న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా చెదరకుండా, గేరు వేసి బోటు పరుగెత్తినప్పుడే పోతుందంటే అది బుడగల గొడవ. ఎవరు ఫోను చేసినా ముందు నేను అడిగేది ఇదే: “గేరు వేశాక పోతోందా, వేయకముందే పోతోందా?” సగం మంది దగ్గర జవాబు ఉండదు. కానీ మిషను మార్చాలని మాత్రం అప్పటికే తేల్చేసుకుని ఉంటారు.

“వాట్లు ఎక్కువైతే బుడగల్లోంచి కూడా చూస్తుంది” అనేది దీని తోబుట్టువే. చూడదు. వాట్లు పెరిగితే ఎక్కువ లోతు అందుతుంది, అంతే. మూతికి గుడ్డ కట్టుకున్నవాడు ఎంత గట్టిగా అరిస్తే ఏం లాభం?

బిగించే చోటు సంగతికి వస్తే, ప్రొపెల్లర్‌కు కనీసం 15 అంగుళాల దూరం ఉండాలి. వెనుక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంటే సెన్సర్‌ను కుడి పక్కన పెట్టండి. అటు రెక్కలు కిందికి దిగుతాయి. ఎడమ పక్కన పైకి లేస్తూ నురగను బోటు అడుగుకు కొడతాయి. సెన్సర్‌కు ముందు బోటు అడుగున గట్టు, మేకు తల, నీళ్లు బయటికి పోయే చిల్లు, ఏదీ ఉండకూడదు. మట్టం సరిచూడడం మాత్రం ఇసుక మీద కాదు, బోటు నీళ్లలో ఉండగా, వలా ఐసూ మనుషులూ ఎక్కాక. ఖాళీ బోటు వాలు వేరు, వేటకు పోయే బోటు వాలు వేరు. పలకకు నేరుగా చిల్లులు పెట్టకుండా ముందు చిన్న ప్లాస్టిక్ పలకను బిగించి, సెన్సర్‌ను దాని మీద పెట్టుకుంటే ఎన్నిసార్లు జరుపుకున్నా బోటుకు కొత్త చిల్లు పడదు. వేసిన చిల్లులకు సీలెంట్ తప్పనిసరి.

చిల్లులంటే భయపడి బోటు లోపలే అంటించమనేవాళ్లు చాలామంది. తప్పు లేదు, గట్టి ఫైబర్‌లోంచి శబ్దం పోతుంది. కొంత బలం తగ్గుతుంది, మిషను చూపే నీటి వేడిని నమ్మలేం, అంతకు మించి నష్టం లేదు. కానీ ఎక్కడ పడితే అక్కడ అంటిస్తే కుదరదు. ఇది నాకు నేర్పింది నా తప్పే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక తండేలు (బోటు నడిపే పెద్ద) బోటులో లోపలి నుంచి సెన్సర్ అంటించాను. అంకె రాదు. రెండు రోజులు మిషనునే తిట్టుకుంటూ, వైర్లు విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. మూడో రోజు ఆయన వచ్చి వేలి కణుపుతో అక్కడ కొట్టి, పక్కన కొట్టి, “మోత తేడా వినిపించడం లేదా అబ్బాయ్? ఇక్కడ లోపల ఫోమ్ ఉంది” అన్నారు. రెండు ఫైబర్ పొరల మధ్య తేలడానికి నింపిన ఫోమ్. ఫోమ్ అంటే నిండా గాలే. ఆయనకు నా మిషను సంగతి తెలియదు గానీ, తన బోటు సంగతి తెలుసు.

అప్పటి నుంచి అంటించే ముందు పరీక్ష చేయనిదే రెసిన్ డబ్బా మూత తీయను. మందపాటి పాలిథిన్ సంచిలో నీళ్లు పోసి, సెన్సర్ అందులో పెట్టి, మూతి కట్టి, అనుకున్న చోట తడి చేసి ఆ సంచిని ఆనిస్తాను. బోటు నీళ్లలో ఉండాలి. అంకె వచ్చి, సీసపు గుండు కట్టిన తాడు చూపే లోతుతో కలిస్తే ఆ చోటు మంచిది. లేదంటే సంచిని ఇంకో చోటికి జరపడమే. చోటు దొరికాక సాండ్‌పేపర్‌తో రుద్ది, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పోసి, సెన్సర్‌ను మెలితిప్పుతూ నొక్కాలి. బుడగలు పక్కల నుంచి బయటికి రావాలి. సిలికాన్ వాడకండి. చెక్క బోటులో అయితే ఈ పద్ధతి కుదరనే కుదరదు, సెన్సర్ నీళ్లలోనే ఉండాలి. అడుగున చిల్లు పెట్టి దించే రకమైతే చెక్క బోటుకు కంచుదే వాడాలి. నానిన చెక్క ఉబ్బి ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది.

తర్వాతి ఫిర్యాదు: “మిషను తనంతట తానే ఆగి మళ్లీ వెలుగుతోంది, సాఫ్ట్‌వేర్ పోయింది.” సాఫ్ట్‌వేర్ కాదు, చిలుము. ఉప్పు గాలికి రాగి తీగ పచ్చబడి వోల్టేజీని మింగేస్తుంది. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు చూపిస్తోందని ధీమా పడకండి. మిషను నడుస్తుండగా మిషను ప్లగ్గు దగ్గర కొలవండి. ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణంలో అక్కడ ఎంతకు పడుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా విడి వైరు, కంపెనీ చెప్పిన ఫ్యూజు. నీళ్లు తోడే మోటారుతో కలపకండి. ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినవాళ్లను చూశాను. వాళ్ల గురించి ఏమీ చెప్పను.

సెన్సర్ వైరు పొడవెక్కువైందని కోసి అతికేవాళ్లకు మాత్రం చెబుతున్నాను: కోయకండి, చుట్టి పక్కన కట్టేయండి. ఆ అతుకులోకి తేమ దిగాక వచ్చే జబ్బుకు నా దగ్గర మందు లేదు.

ఇక మిగతావి. తెర మీద చేప బొమ్మలు వస్తే చేపలు ఉన్నట్టేనా? అది మిషను ఊహ. బుడగలనూ, తేలే చెత్తనూ కూడా చేపే అంటుంది. ఆ బొమ్మలు ఆపేసి గీతలు చదవడం నేర్చుకోండి. చేప ఒంట్లో శబ్దాన్ని ఎక్కువగా తిప్పికొట్టేది గాలితిత్తి. సొరకు అది ఉండదు, కాబట్టి పెద్ద సొర కూడా మసకగా కనిపించవచ్చు. మిషను శబ్దానికి చేపలు పారిపోతాయా? మనం వాడేది 50, 200 కిలోహెర్ట్జ్. చాలా చేపలకు వినిపించేది కొద్ది కిలోహెర్ట్జ్ లోపే. వాటిని బెదరగొట్టేది మీ ఇంజనే. లోతు తక్కువ చోట అంకె రెట్టింపైతే అది పిచ్చి కాదు. శబ్దం గట్టి నేలకు తగిలి, పైకొచ్చి, మళ్లీ కిందికి పోయి వచ్చింది. సెన్సిటివిటీ తగ్గించండి. సెన్సర్ ముఖానికి నాచు, నత్తలు పట్టాయని ఉలితో గీకకండి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. గట్టిగా పట్టినవాటిని ప్లాస్టిక్ ముక్కతో తీయండి.

అంకె తప్పు చెబుతోందని గొడవపడే ముందు కొలత ఏదో చూడండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపల జాడ గురించి పంపే సమాచారంలో దూరం, దిక్కుతో పాటు లోతు మీటర్లలో ఉంటుంది. మన పెద్దవాళ్ల లెక్క బారల్లో. బార అంటే దాదాపు 1.8 మీటర్లు. మిషనులో ఎవరో అడుగులకు మార్చి పెట్టి ఉంటారు. మూడు లెక్కలు కలిసి ఒకే బోటులో పోట్లాడుకుంటుంటే నన్ను పిలుస్తారు. అలాగే మిషను చూపేది సెన్సర్ కింది లోతు. నీటి మట్టం నుంచి కావాలంటే సెన్సర్‌కూ దానికీ ఉన్న తేడాను (ఆఫ్‌సెట్) కలపాలి, బోటు అడుగు కింద ఎంత ఉందో కావాలంటే సెన్సర్‌కూ అడుగుకూ ఉన్న తేడాను తీసేయాలి. కలిపారో తీసేశారో గుర్తులేనివాళ్లు తాడు వేసి సరిచూసుకోవాలి.

చివరిది ప్రాణాల మీదికి తెచ్చేది. ఎకో సౌండర్ ముందున్నది చూస్తుందని చాలామంది నమ్మకం. చూడదు. బోటు కింద ఉన్నదే చెబుతుంది. తెర కుడి అంచున ఉన్నది ఇప్పటిది, ఎడమకు పోయే కొద్దీ గడిచిపోయినది. ఎక్కడా ముందున్నది లేదు. పైగా నేల దొరకనప్పుడు చాలా మిషన్లు చివరిసారి దొరికిన అంకెనే మినుకుమినుకుమంటూ అలాగే ఉంచుతాయి. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు విరిగి నీళ్లంతా నురగే అయినప్పుడు జరిగేది అదే. ఫోమ్ సంగతి నాకు నేర్పిన ఆ తండేలే ఒక సాయంత్రం ఇసుక మేట ఎక్కించి వచ్చారు. “నాలుగు మీటర్లు చూపిస్తూనే ఉంది అబ్బాయ్” అన్నారు. “అంకె మెరుస్తోందా బాబాయ్?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, మెరుస్తోందన్నారు. అదృష్టం కొద్దీ పోటు మీద ఉంది, గంటలో బోటు తేలింది.

ఇప్పుడు మొగ దాటేటప్పుడు ఆయన మిషను వంక చూడరు. ముందు కొమ్ము మీద మనవడిని వెదురు గెడతో నిలబెడతారు.