నాసిరకం మెమొరీ నెగ్గిన కథ

ఫ్లాష్ మెమొరీ, అంటే పెన్ డ్రైవ్‌లోనూ మెమొరీ కార్డులోనూ ఉండే, కరెంటు తీసేసినా రాసింది దాచుకునే చిప్పు, నిజానికి నాసిరకం మెమొరీ. వాదన కోసం అంటున్న మాట కాదిది, చిప్పులు డిజైన్ చేసేవాళ్లందరికీ తెలిసిందే. రాసిన చోట మళ్లీ నేరుగా రాయడం కుదరదు. కొన్ని వేలసార్లు చెరిపి రాసేసరికి అరిగిపోతుంది. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన చిప్పులో కూడా పనిచెయ్యని బ్లాకులు (మెమొరీలో ముక్కలు) కొన్ని ఉంటాయి, ఉంటాయని కంపెనీలే ముందుగా కాగితం మీద రాసిస్తాయి. అలాంటి సరుకు ఇవాళ మన ఫోన్లోకి, లాప్‌టాప్‌లోకి, టీవీలోకి, కారులోకి, చివరికి బ్యాంకుల సర్వర్లలోకి కూడా ఎలా చేరింది? నన్నడిగితే ఆ ఘనత కంప్యూటర్ కంపెనీలది కాదు. కెమెరాలు, పాటల ప్లేయర్లు, ఫోన్లు అమ్ముకున్నవాళ్లది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, మిగతా కథంతా అక్కడినుంచే వస్తుంది.

మామూలు ట్రాన్సిస్టర్ ఒక స్విచ్చి. గేటు మీద వోల్టేజి పెడితే కింద కరెంటు పారే దారి తెరుచుకుంటుంది, తీసేస్తే మూసుకుంటుంది. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఆ గేటుకీ దారికీ మధ్య ఇంకో గేటు పెట్టారు. దానికి ఏ తీగా తగలదు, చుట్టూ కరెంటుని పోనివ్వని ఆక్సైడ్ పొర ఉంటుంది, అందుకే ఫ్లోటింగ్ గేట్ అన్నారు. అందులోకి ఎలాగోలా కొన్ని ఎలక్ట్రాన్లు పంపగలిగితే, అవి బయటికి రాలేక కరెంటు తీసేసినా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. లోపల ఎలక్ట్రాన్లుంటే వాటి రుణావేశం పైగేటుకి అడ్డుపడుతుంది, దారి తెరవడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. చిప్పు చదవడం అంటే ఇదే: ఫలానా వోల్టేజి పెట్టినప్పుడు దారి తెరుచుకుందా లేదా అని చూడటం.

మరి ఎలక్ట్రాన్లని లోపలికి పంపేదెలా? చాలా చిప్పుల్లో దాదాపు 20 వోల్టులు పెడతారు, అప్పుడు అవి పది నానోమీటర్ల కన్నా పలుచని ఆ ఆక్సైడ్ పొరని దాటేస్తాయి. మనం స్కూల్లో చదువుకున్న ఫిజిక్స్ ప్రకారం దాటకూడదు, క్వాంటం టన్నెలింగ్ వల్ల దాటుతాయి. అంటే జేబులో పెన్ డ్రైవ్ వేసుకుని తిరిగే ప్రతివాడూ క్వాంటం మెకానిక్స్ వాడకందారే. చిక్కేమిటంటే, ఎలక్ట్రాన్లు దాటిన ప్రతిసారీ ఆ పొర కొంచెం దెబ్బతింటుంది, కొన్ని అందులోనే ఇరుక్కుపోతాయి, కొన్నాళ్లకి నిండిన సెల్ (ఎలక్ట్రాన్లు దాచే ఒక్కో గది) ఏదో ఖాళీ సెల్ ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది. అరుగుదల అంటే అదే.

ఈ ట్రాన్సిస్టర్‌తోనే 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ ఈప్రామ్ అనే చిప్పు చేశాడు. దాన్ని చెరపాలంటే నెత్తిన ఉన్న చిన్న గాజు కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పడేలా ఓ పెట్టెలో పెట్టి ఇరవై నిమిషాల దాకా ఆగాలి. ఇంజినీరింగ్ కాలేజీల్లో పాత మైక్రోప్రాసెసర్ ల్యాబులు చూసినవాళ్లకి ఆ పెట్టె గుర్తుండే ఉంటుంది. తర్వాత కరెంటుతోనే చెరిపే ఈఈప్రామ్ వచ్చింది, కానీ దేనికది విడిగా చెరపాలంటే ఒక్కో సెల్‌కి రెండేసి ట్రాన్సిస్టర్లు కావాల్సి వచ్చి ఖరీదు పెరిగింది.

ఇక్కడే తోషిబాలో పనిచేసే ఫుజియో మసుఓకా ఎదురు దారిలో ఆలోచించాడు. అందరూ మెమొరీని ఎలా మెరుగుపరచాలా అని చూస్తుంటే, ఈయన ఏం వదులుకుంటే చవకవుతుందా అని చూశాడు. దేనికది విడిగా చెరిపే సౌకర్యం వదిలేస్తే సెల్‌కి ఒక్క ట్రాన్సిస్టర్ చాలు, బోలెడన్ని సెల్స్‌ని కలిపి ఒక్కసారే చెరుపుదాం అన్నాడు. అలా ఒక్క దెబ్బకి చెరిగిపోవడం చూస్తే కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందట ఆయన సహోద్యోగి షోజీ అరీజుమీకి, పేరు అలా వచ్చింది. 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన సదస్సులో మసుఓకా దీన్ని ప్రకటించాడు. అది నార్ రకం. ఏ సెల్‌నైనా నేరుగా చదవొచ్చు, అందుకే ప్రోగ్రాములు పెట్టుకోవడానికి బాగుంటుందని ఇంటెల్ వెంటనే అందుకుని 1988లో అమ్మకాలు మొదలుపెట్టింది.

మసుఓకా అక్కడ ఆగలేదు. 1987లో నాండ్ తెచ్చాడు. ఇందులో ఇంకా వదులుకున్నాడు. నార్‌లో సెల్స్ తీగకి నేరుగా తగులుతూ ఉంటాయి, ఆ తగిలే చోట్లకి బోలెడంత జాగా పోతుంది. నాండ్‌లో సెల్స్‌ని ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపేసి ఆ వరుస చివర్లలోనే తీగ తగిలించాడు. జాగా బాగా తగ్గింది, రేటూ తగ్గింది. బదులుగా ఏదో ఒక్క బైటు కావాలంటే ఇవ్వడం దానికి చేతకాదు. పేజీ పేజీగా చదవాలి, పేజీ పేజీగా రాయాలి, చెరిపేటప్పుడు మాత్రం బ్లాకు మొత్తం చెరపాలి. ఇప్పటి చిప్పుల్లో పేజీ అంటే సాధారణంగా 16 కిలోబైట్లు, బ్లాకు అంటే కొన్ని మెగాబైట్లు. పలక నిండా రాసుకున్నాక ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి మళ్లీ రాసినట్టు.

కంప్యూటర్ ప్రోగ్రాములకి ఇది పనికిరాదు, ఎందుకంటే అవి ఎక్కడపడితే అక్కడ ఒకో ముక్క అడుగుతుంటాయి. సరే, ఎవరికి పనికొస్తుంది? ఫొటోని తీసుకోండి. ఒక్కసారి మొదలునుంచి చివరిదాకా రాస్తారు, ఒక్కసారి మొదలునుంచి చివరిదాకా చదువుతారు, మధ్యలో దిద్దేది ఉండదు. పాటా అంతే. కదుపులకి చెడకూడదు, బ్యాటరీ తినకూడదు, చిన్నగా ఉండాలి, చవగ్గా ఉండాలి, అంతకుమించి వేగంతో పనిలేదు. నాండ్ వదులుకున్నవేవీ ఈ పనులకి అవసరం లేదు. కెమెరాలూ పాటలూ లేకపోతే నాండ్ ఓ ల్యాబులో పాత రీసెర్చ్ పేపరుగా మిగిలిపోయేదని నా అనుమానం.

అసలు కంప్యూటర్ వైపు నుంచి ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. ఎలీ హరారీ, సంజయ్ మెహ్‌రోత్రా, జాక్ యువాన్ కలిసి 1988లో పెట్టిన సన్‌డిస్క్ (తర్వాత శాన్‌డిస్క్ అయింది) 1991లో ఐబీఎం లాప్‌టాప్ కోసం 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవ్ చేసి ఇచ్చింది. రేటు 1000 డాలర్లు! అంత పెట్టి ఎంతమంది కొంటారు? చవకయ్యేదాకా కొనేవాళ్లు వేరే ఎవరో కావాలి.

వాళ్లు వచ్చారు. 1995లో కాసియో క్యూవీ-10 అనే కెమెరా 2 మెగాబైట్ల ఫ్లాష్‌తో 96 బొమ్మలు దాచింది. 1998లో వచ్చిన మొదటి ఎంపీ3 ప్లేయర్లలో 32 మెగాబైట్లు, లెక్కేస్తే మామూలు నాణ్యతలో అరగంట పాటలు. సరిగ్గా ఇప్పుడే కార్డుల గోల మొదలైంది. శాన్‌డిస్క్‌ది కాంపాక్ట్ ఫ్లాష్, తోషిబాది స్మార్ట్ మీడియా, శాన్‌డిస్క్, సీమెన్స్ కలిసి ఎంఎంసీ, సోనీ 1998లో తన సొంత మెమొరీ స్టిక్, 1999లో పానసోనిక్, తోషిబా, శాన్‌డిస్క్ కలిసి ఎస్‌డీ, ఒలింపస్, ఫుజీఫిల్మ్ 2002లో ఎక్స్‌డీ. చుట్టం కెమెరాలో కార్డు మన కెమెరాలో పట్టదు. ఫొటో స్టూడియోలవాళ్లు నాలుగైదు రకాల కన్నాలున్న కార్డు రీడర్ కొని పెట్టుకోవాల్సి వచ్చేది.

కంపెనీల పంతం అని తీసిపారెయ్యకండి, ఇందులో అసలైన ఇంజినీరింగ్ తగువు ఒకటుంది. నాండ్ తప్పులు చేస్తుంది కదా, ఆ తప్పులు దిద్దే తెలివి ఎక్కడుండాలి, కార్డులోనా కెమెరాలోనా? స్మార్ట్ మీడియా అంటే ప్లాస్టిక్ ముక్కలో ఒట్టి చిప్పు, తెలివంతా కెమెరాదే. కార్డు చవకే, కానీ పెద్ద కార్డు వచ్చినప్పుడు పాత కెమెరా దాన్ని గుర్తుపట్టలేకపోయేది, ఆ జాతి 128 మెగాబైట్ల దగ్గరే ఆగిపోయింది. కాంపాక్ట్ ఫ్లాష్ లోపల సొంత కంట్రోలర్, అంటే ఆ తెలివి ఉన్న చిన్న చిప్పు, ఉండేది, లోపల చిప్పు ఎంత మారినా కెమెరాకి పట్టింపు లేదు. ఎస్‌డీ అదే దారి పట్టి గెలిచింది. 2005లో దాని చిన్న తమ్ముడు మైక్రో ఎస్‌డీ వచ్చింది, 15 మిల్లీమీటర్ల పొడుగు, 11 వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం.

ఆ గోరంత కార్డులో కూడా ఒక చిన్న కంప్యూటర్ ఉందని చాలామందికి తెలియదు. మీరు ఫైలు మార్చినప్పుడు పాత చోట దిద్దదు, ఎక్కడో ఖాళీ పేజీలో కొత్తది రాసి, పాతది చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. ఏ బ్లాకూ మిగతావాటికన్నా ముందే అరిగిపోకుండా పని పంచుతుంది. చెడిన బ్లాకుల జాబితా పెట్టుకుంటుంది, తప్పిన బిట్లని (0, 1 అంకెలని) లెక్క కట్టి దిద్దుతుంది. డిలీట్ చేసిన పెళ్లి ఫొటోలని షాపువాళ్లు ఒక్కోసారి వెనక్కి తెచ్చి ఇవ్వగలగడానికి కారణం, అసలు చెరపడం అప్పటికి జరక్కపోవడమే. అందుకే అలాంటి కార్డులో ఇంకేమీ తియ్యకుండా పక్కన పెట్టమంటారు.

2000ల చివర్లో హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లినా అమీర్‌పేట వెళ్లినా మొబైల్ షాపుల్లో ఇదే వ్యాపారం. "అన్నా, కొత్త సినిమా పాటలన్నీ ఎక్కించు" అని ఒక జీబీ, రెండు జీబీల కార్డు చేతిలో పెడితే, పది ఇరవై రూపాయలకి కార్డు నిండా పాటలు. పైరసీయే, కాదనను. కానీ ప్రపంచమంతా ఇలా కోట్ల కార్డులు కొనబట్టే ఫ్యాక్టరీలకి డబ్బులొచ్చాయి, ఆ డబ్బుతోనే తర్వాతి తరం చిప్పు వచ్చింది.

పెద్ద మలుపు మాత్రం యాపిల్‌ది. 2004లో వచ్చిన ఐపాడ్ మినీలో తిరిగే చిన్న హార్డ్ డిస్కు ఉండేది. బాగా అమ్ముడుపోతున్నా దాన్ని ఆపేసి, 2005 సెప్టెంబర్‌లో ఫ్లాష్‌తో ఐపాడ్ నానో తెచ్చారు. రెండు నెలలకి శాంసంగ్, తోషిబా, హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్ అనే చిప్పుల కంపెనీలతో 2010 దాకా సరఫరాకి ఒప్పందాలు చేసుకుని 125 కోట్ల డాలర్లు ముందే కట్టేశారు. ఫ్యాక్టరీ కట్టేవాడికి ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

ఈ ఆటలో ఎక్కువ లాభపడింది శాంసంగ్, 90ల మొదట్లో తోషిబా దగ్గరే నాండ్ లైసెన్స్ తీసుకుని ఆఖరికి దాన్నే దాటేసింది. మసుఓకా సంగతా? 1994లో తోషిబా వదిలి తొహోకు యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. తనకి రావాల్సింది రాలేదని 2004లో 100 కోట్ల యెన్‌లకి దావా వేస్తే, 2006లో 8.7 కోట్ల యెన్‌లకి రాజీ కుదిరింది. తోషిబా కూడా 2018లో ఆ వ్యాపారాన్ని అమ్ముకుంది, ఇప్పుడు దాని పేరు కియోక్సియా.

చవక చెయ్యడానికి ఇంకో దారి, ఒకే సెల్‌లో ఎక్కువ బిట్లు ఇరికించడం. నిండుగా, ఖాళీ అని రెండే స్థాయిలుంటే ఒక బిట్టు. నాలుగు స్థాయిలుంటే రెండు బిట్లు, ఎనిమిదైతే మూడు, పదహారైతే నాలుగు. వినడానికి బాగుంది, కానీ ఒక స్థాయికీ పక్క స్థాయికీ తేడా కొన్ని పదుల ఎలక్ట్రాన్లకి పడిపోయింది. ఒక బిట్టు సెల్ దాదాపు లక్షసార్లు చెరిపినా తట్టుకునేది, నాలుగు బిట్లది వెయ్యికి అటూ ఇటూ. సెల్స్‌ని ఇంకా కుదించడం కుదరక 2013లో శాంసంగ్ 24 అంతస్తుల చిప్పు తెచ్చింది, పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి. 2022కి మైక్రాన్ 232 పొరలకి చేరింది. నేల చాలక పైకి కట్టడం కోకాపేట వైపు ఉండేవాళ్లకి నేను వివరించక్కర్లేదనుకుంటా.

వాడేవాళ్లకి రెండు మాటలు. ఎలక్ట్రాన్లు కారిపోవడం వేడికి ఎక్కువవుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డులో, బాగా వాడి అరిగిన పెన్ డ్రైవ్‌లో పిల్లల ఫొటోల ఏకైక కాపీ పెట్టి వదిలెయ్యడం మంచి ఆలోచన కాదు. రెండోది, ఫుట్‌పాత్ మీద నాలుగొందలకే 1 టీబీ అని అమ్మేవి. అందులో ఉండేది చిన్న చిప్పే, కంట్రోలర్‌కి అబద్ధం చెప్పడం నేర్పారంతే. నిండేదాకా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తర్వాత కొత్త ఫైళ్లు పోవడమో పాతవాటి మీద పడటమో జరుగుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో మొత్తం రాయించి, చదివించి చూస్తే దొరికిపోతుంది. 64 జీబీ కార్డు కంప్యూటర్లో 59 చూపిస్తే మాత్రం షాపువాడితో గొడవపడకండి, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

ఇప్పుడు గాలి మారింది. శాన్‌డిస్క్ పెట్టిన ముగ్గురిలో ఒకరైన మెహ్‌రోత్రా, కాన్పూర్‌లో పుట్టినాయన, 2017 నుంచి మైక్రాన్ అధిపతి. మైక్రాన్‌కి మన హైదరాబాద్‌లోనూ పెద్ద డిజైన్ కేంద్రం ఉంది. ఆ కంపెనీయే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి నేరుగా ర్యామ్‌లు, ఎస్ఎస్‌డీలు (హార్డ్ డిస్కు బదులు పెట్టుకునే ఫ్లాష్ డ్రైవ్‌లు) అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ అంత ఉంది, సరుకు అటే పోవాలి అని కారణం కూడా దాపరికం లేకుండా చెప్పింది. కెమెరాలు, ఐపాడ్‌లు, ఫోన్లు కొని పెంచిన వ్యాపారంలో ఇప్పుడు ముందు వరుస డేటా సెంటర్లది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ అడిగేవాడు వెనక వరుసలో ఉన్నాడు. ఒకప్పటి ఇంటెల్ ఫ్లాష్ విభాగం, ఇప్పటి సాలిడైమ్, సెల్‌కి ఐదు బిట్ల డ్రైవ్‌ని 2022లోనే చేసి చూపించింది. 32 స్థాయిలన్నమాట. అది మార్కెట్లోకి రావాలా వద్దా అన్నది కెమెరావాళ్లనో ఫోన్లవాళ్లనో అడిగి తేల్చే రోజులు మాత్రం పోయాయి.