సైన్యాలు వద్దనుకున్న మౌజర్ అందరి చేతుల్లోకి ఎలా వెళ్లింది?

మౌజర్ సి96 గురించి ఎక్కడ చదివినా "జర్మన్ సైన్యం పిస్తోలు" అనే మాట తగులుతుంది. అది సగమే నిజం. జర్మన్ సైన్యం దాన్ని తన అధికారిక పిస్తోలుగా ఎప్పుడూ తీసుకోలేదు, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో ఆయుధాలు చాలక కొనుక్కుంది, అంతే. సైన్యాలకు అమ్మాలనే దాన్ని తయారుచేశారు. కానీ ఎక్కువగా కొన్నది సొంత డబ్బు పెట్టుకున్న ఆఫీసర్లు, షికారుకెళ్లే పెద్దమనుషులు, చైనాలో సొంత సేనలు నడుపుకున్న సేనానాయకులు. మన బెంగాల్ విప్లవకారులైతే కొనలేదు, ఎత్తుకుపోయారు. దీనికంతటికీ కారణం ఆ పిస్తోలు నిర్మాణంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

దక్షిణ జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్లో మౌజర్ రైఫిళ్ల ఫ్యాక్టరీ ఉండేది. అందులో పనిచేసే ఫీడెర్లే అన్నదమ్ములు ముగ్గురు 1893 ప్రాంతంలో దీని మీద పని మొదలుపెట్టారు. 1895లో నమూనా సిద్ధమైంది. పేటెంట్ మాత్రం యజమాని పాల్ మౌజర్ పేరు మీదే తీసుకున్నారు, అందుకే ఆ అన్నదమ్ముల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. నాకది అన్యాయంగానే అనిపిస్తుంది. తూటాను అంతకుముందే వచ్చిన బోర్కార్ట్ పిస్తోలు నుంచి తీసుకుని తుపాకిమందు మోతాదు పెంచారు. అదే 7.63 మిల్లీమీటర్ల మౌజర్ తూటా. సెకనుకు 430 మీటర్ల దాకా వేగం, ఆ కాలం పిస్తోళ్లలో చాలా ఎక్కువ.

ఇప్పటి పిస్తోళ్లలో గుళ్లు నింపే మేగజీన్ పిడిలో ఉంటుంది, దీనిలో ట్రిగ్గర్ ముందు పెట్టెలా ఉంటుంది, ఊడి రాదు. గుళ్లు అయిపోగానే, తూటాను లోపలికి తోసే బోల్ట్ అనే కదిలే భాగం వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. పది గుళ్లున్న రేకు క్లిప్పును పైనుంచి గాడిలో నిలబెట్టి బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కాలి. పదీ లోపలికి దిగాక ఖాళీ క్లిప్పు లాగేస్తే బోల్ట్ దానంతటదే ముందుకు దూకి మొదటి గుండును బ్యారెల్ (గొట్టం) మొదట్లోకి తోస్తుంది. ట్రిగ్గర్ నొక్కాక బ్యారెల్, బోల్ట్ కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి. వాటిని పట్టి ఉంచే దిమ్మ కిందికి జారగానే బ్యారెల్ ఆగిపోతుంది, బోల్ట్ ఒక్కటే వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును బయటికి విసిరి, తూటాను పేల్చే హ్యామర్‌ను (సుత్తిని) వెనక్కి వంచి, మళ్లీ ముందుకొస్తుంది. లోపలి భాగాలన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని నిలుస్తాయి. మొత్తం పిస్తోలులో మర (స్క్రూ) ఒక్కటే, అదీ పిడి చెక్కలు బిగించడానికి.

అసలు విశేషం ఒర. చెక్కతో చేసిన ఆ ఒరను పిడి వెనక తగిలిస్తే భుజానికి ఆనించుకుని కాల్చే చిన్న రైఫిల్ అయిపోతుంది. గురిపట్టీ మీద 1000 మీటర్ల దాకా గీతలుండేవి. అంత దూరంలో మనిషిని కొట్టడం అయ్యే పని కాదు గానీ, వంద మీటర్లలో మాత్రం రివాల్వర్ పట్టుకున్నవాడు దీని ముందు నిలవలేడు.

1898లో సూడాన్‌లోని ఒమ్‌దుర్‌మాన్ యుద్ధంలో విన్‌స్టన్ చర్చిల్ గుర్రం మీద కత్తికి బదులు దీన్నే పట్టుకెళ్లాడు. అంతకు రెండేళ్ల ముందు బొంబాయిలో ఓడ దిగుతుండగా అతని భుజం కీలు తప్పింది, కత్తి తిప్పే పరిస్థితి లేదు.

ఆఫీసర్లకు అంత నచ్చినది సైన్యాలకు ఎందుకు రుచించలేదు? ఒట్టి పిస్తోలే కిలో పైన బరువు, ఆ బరువంతా ముందువైపే. పిడి సన్నగా, గుండ్రంగా చీపురుకర్రలా ఉండటంతో పెద్ద చేతికి పట్టు కుదరదు. సూక్ష్మంగా చెక్కాల్సిన భాగాలు కావడంతో ఖర్చూ ఎక్కువే. టర్కీ కొన్ని కొంది, ఇటలీ నౌకాదళం 5000 తీసుకుంది. ఈలోపు పిడిలో మేగజీన్ పెట్టుకునే, తేలికైన లూగర్ పిస్తోలు వచ్చింది, 1908లో జర్మన్ సైన్యం దాన్నే ఎంచుకుంది.

ఇక కలకత్తా సంగతి. 1914 ఆగస్టు 26న రోడా అనే ఆయుధాల కంపెనీకి వచ్చిన 202 పెట్టెలను కస్టమ్స్ నుంచి విడిపించే పని ఆ కంపెనీ గుమాస్తా శ్రీశ్ మిత్రాది. ఎడ్లబండ్ల మీద 192 పెట్టెలు గోదాముకు చేర్చి, మిగతావి తెస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. కంపెనీ మూడు రోజులకు గానీ పోలీసులకు చెప్పలేదు. ఆ పది పెట్టెల్లో 50 మౌజర్లు, 46,000 తూటాలు! విప్లవ కార్యకలాపాలపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం అందులో 44 పిస్తోళ్లు వెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయి, తర్వాత 54 ఘటనల్లో వాడారు. ఒర తగిలిస్తే రైఫిల్‌లా కాల్చవచ్చన్న సంగతిని కూడా కమిటీ ప్రత్యేకంగా రాసింది. రైఫిల్ దొరకనివాళ్లకు, దొరికినా దాచుకోలేనివాళ్లకు ఇంతకంటే పనికొచ్చేది ఇంకేముంటుంది? 1915 సెప్టెంబరు 9న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర విప్లవ నాయకుడు బాఘా జతిన్, మరో నలుగురు ఈ మౌజర్లతోనే రైఫిళ్లున్న పోలీసు బలగాన్ని ఎదిరించి పోరాడారు. వాళ్లలో చిత్తప్రియ అక్కడికక్కడే చనిపోయాడు, జతిన్ మర్నాడు ఆసుపత్రిలో కన్నుమూశాడు. పదేళ్ల తర్వాత కాకోరీలో రైలు ఆపినప్పుడూ విప్లవకారుల చేతిలో మౌజర్లు ఉన్నాయి.

అటు యుద్ధంలో లూగర్లు సరిపోక 1916లో జర్మన్ సైన్యం 1,50,000 మౌజర్లకు ఆర్డరిచ్చింది. ఇవి లూగర్ వాడే 9 మిల్లీమీటర్ల తూటావి. పాత 7.63 తూటా పొరపాటున పెట్టకుండా పిడి మీద పెద్ద 9 అంకె చెక్కి ఎర్రరంగు వేశారు. ఓడిపోయాక వెర్సాయ్ ఒప్పందం షరతుల వల్ల జర్మనీలో పిస్తోలు బ్యారెల్ పది సెంటీమీటర్లు దాటకూడదు. అందుకే 99 మిల్లీమీటర్ల పొట్టి బ్యారెల్‌తో ఒక రకం తీశారు, అది సోవియట్ రష్యాకు బాగా వెళ్లింది.

అందరికంటే ఎక్కువగా దీన్ని సొంతం చేసుకున్నది చైనా. 1919 తర్వాత పెద్దదేశాలు చైనాకు ఆయుధాలు అమ్మకూడదని ఒప్పందం చేసుకున్నాయి, రైఫిళ్లు దొరకడం కష్టమైపోయింది. దాంతో ఒర తగిలిస్తే రైఫిల్ పని చేసే ఈ పిస్తోలుకు అక్కడ ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అసలువి కొన్నారు, స్పెయిన్ నకళ్లు కొన్నారు, సొంతంగానూ చేసుకున్నారు. షాన్‌శీ రాష్ట్రాన్ని ఏలిన యెన్ షీషాన్ తన తైయువాన్ ఆయుధశాలలో అప్పటికే .45 అంగుళాల తూటాతో పేలే అమెరికన్ థాంప్సన్ సబ్‌మెషిన్‌గన్ నకళ్లు చేయిస్తున్నాడు. రెండింటికీ ఒకే తూటా సరిపోవాలని మౌజర్‌నే పెద్దది చేసి .45లో తయారుచేయించాడు.

ఓబెర్న్‌డోర్ఫ్‌లో తయారీ 1930ల చివర్లో ఆగిపోయింది. తూటా మాత్రం ఆగలేదు. సోవియట్లు దాదాపు అదే తూటాను 7.62 పేరుతో టొకరేవ్ పిస్తోలులో పెట్టుకున్నారు, రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల పీపీషా సబ్‌మెషిన్‌గన్ పేల్చింది కూడా దాన్నే.