తీగలో తప్పిపోయిన వోల్టులు

విశాఖ పెదవాల్తేరులో మా పక్కింటివారి పెట్రోలు కారు సిరిపురం కూడలిలో ఎర్రదీపం పడ్డప్పుడల్లా వణికేది. ఆనందపురం వైపు జాతీయ రహదారి ఎక్కి వేగం అందుకోగానే ఆ వణుకు దాదాపు మాయమయ్యేది. స్కానర్ పెడితే పీ0302 అనే కోడ్ వచ్చింది. రెండో సిలిండర్‌లో మిస్సింగ్ వస్తోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదని, దాని అర్థం. స్పార్క్ ప్లగ్ మార్చారు, ఇగ్నిషన్ కాయిల్ మార్చారు, ఆఖరికి ఇంజెక్టర్ కూడా కొత్తది వేశారు. వేలకు వేలు ఖర్చయ్యాయి గానీ వణుకు తగ్గలేదు. "మాస్టారూ, మీరు ఫిజిక్స్ చెప్పినవారు కదా, ఒకసారి చూడండి" అని పక్కింటాయన అడిగారు. నిలబడితే వణికే బండి పరుగెడితే ఎందుకు సర్దుకుంటోంది? రెండు రోజులు ఈ ప్రశ్నే నన్ను పట్టుకుంది.

ఇంజెక్టర్ అంటే విద్యుదయస్కాంతంతో తెరుచుకునే చిన్న కుళాయి. లోపల సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. మామూలు పెట్రోలు కార్లలో దాని నిరోధం 12 నుంచి 16 ఓంల దాకా ఉంటుంది. కరెంటు పారితే చుట్ట అయస్కాంతమవుతుంది, స్ప్రింగ్ అదిమిపట్టిన సూదిని పైకి లాగుతుంది, సుమారు 3 బార్ల ఒత్తిడితో కాచుకుని ఉన్న పెట్రోలు తుంపరగా బయటికొస్తుంది. దానికి వచ్చే తీగలు రెండే. ఒకటి ఫ్యూజ్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మీదుగా బ్యాటరీ వోల్టేజిని తెస్తుంది. ఈ సరఫరా నాలుగు ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా వచ్చి, చివర్లో నాలుగు పాయలుగా చీలుతుంది. రెండో తీగ ఈసీయూ అనే కంప్యూటర్‌కు వెళుతుంది. కంప్యూటరే ఇంజెక్టర్‌కు కరెంటు పంపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి 12 వోల్టులు ఇంజెక్టర్ దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. కంప్యూటర్ చేసే పని ఎర్త్ దారి తెరవడం, మూయడం.

ఆ తెరవడం ఎంతసేపో చూడండి. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుందనుకుందాం. రెండు చుట్లకు ఒకసారి చొప్పున, ఒక్కో ఇంజెక్టర్ 150 మిల్లీసెకన్లకు ఒకసారి తెరుచుకుంటుంది. తెరిచి ఉండేది సుమారు 3 మిల్లీసెకన్లు. అందులోనూ అయస్కాంతం బలం పుంజుకుని సూదిని లేపడానికే కొంత సమయం పోతుంది. 14 వోల్టుల దగ్గర ఆ ఆలస్యం దాదాపు ఒక మిల్లీసెకను. వోల్టేజి 10కి పడిపోతే ఒకటిన్నర దాకా పెరుగుతుంది.

మా పక్కింటివారి కారు చిక్కు ఇక్కడే విడిపోయింది. రెండో ఇంజెక్టర్‌కు వచ్చే పాయలో ఎక్కడో ఒక 5 ఓంల అదనపు నిరోధం చేరిందనుకోండి. ఇంజెక్టర్ నిరోధం 14 ఓంలు, నడుస్తున్న బండిలో వోల్టేజి 14. మామూలుగా ఒక ఆంపియర్ పారాలి. ఇప్పుడు మొత్తం నిరోధం 19 ఓంలయింది కాబట్టి పారేది 0.74 ఆంపియర్లు. దారిలోనే 3.7 వోల్టులు ఖర్చయిపోయి ఇంజెక్టర్‌కు మిగిలేది 10.3 మాత్రమే. సూది అర మిల్లీసెకను ఆలస్యంగా లేస్తుంది. నిలబడిన కారులో పెట్రోలు పారే సమయమే రెండు మిల్లీసెకన్లు కదా, అందులో అర పోతే నాలుగో వంతు ఇంధనం తగ్గినట్టే. ఆ సిలిండర్ సరిగా మండదు. అదే రహదారి మీద బరువుగా లాగేటప్పుడు ఇంజెక్టర్ పది మిల్లీసెకన్ల దాకా తెరిచి ఉంటుంది. అక్కడ అర మిల్లీసెకను లోటు ఐదారు శాతమే, డ్రైవరుకు తెలియదు. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఈసీయూ ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి సరిదిద్దుతుంది. కానీ తన దగ్గరున్న వోల్టేజినే అది కొలుస్తుంది. తీగ మధ్యలో జారిపోయిన వోల్టుల సంగతి దానికి తెలిసే దారి లేదు. తీగ పూర్తిగా తెగి ఉంటే పీ0202 అని, అంటే రెండో ఇంజెక్టర్ సర్క్యూట్‌లోనే లోపమని, కోడ్ వచ్చేది. సగం చచ్చిన తీగ ఆ పరీక్షను దాటేస్తుంది. అందుకే స్కానర్ మిస్సింగ్ అని మాత్రమే చెప్పింది.

కొత్త ఇంజెక్టర్ కొనే ముందు రెండో దాన్ని మూడో దాని చోట, మూడో దాన్ని రెండో దాని చోట పెట్టి చూసి ఉంటే బాగుండేది. మిస్సింగ్ కూడా మూడుకు మారితే తప్పు ఇంజెక్టర్‌ది. రెండులోనే ఉండిపోతే అనుమానం తీగల మీదికి వెళుతుంది. ఖర్చు లేని పరీక్ష ఇది. ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తీగలనూ చూశామనే అన్నారు మెకానిక్. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించిందట. ఆయన అబద్ధం చెప్పలేదు, మీటరూ చెప్పలేదు. మీటర్ లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓంలు. అది తీగ నుంచి తీసుకునే కరెంటు ఒక మైక్రో ఆంపియర్ చిల్లర. అంత స్వల్పమైన ప్రవాహానికి 5 ఓంల అడ్డు లెక్కలోకే రాదు. పూడుకుపోయిన గొట్టంలోంచి చుక్కచుక్కగా నీరు వస్తున్నా, కుళాయి మూసి ఉంచితే చివర ఒత్తిడి పూర్తిగానే కనిపిస్తుంది. బిందె కింద పెట్టి కుళాయి తిప్పినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మీటర్‌లో బీప్ శబ్దంతో తీగ తెగిందో లేదో చూసే పద్ధతీ అంతే. చాలా మీటర్లు పదుల ఓంల దాకా బీప్‌మంటూనే ఉంటాయి.

అందుకే ఆ తీగకు పని చెప్పాలి. అక్కయ్యపాలెంలోని ఒక చిన్న షెడ్డులో పది వాట్ల బల్బు ఒకటి అడిగి తీసుకున్నాం. ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, రిలే సరఫరా ఇస్తోందని నిర్ధారించుకుని, కనెక్టర్‌లోని సరఫరా పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య బల్బు కలిపాం. ఒకటి, మూడు, నాలుగు కనెక్టర్ల దగ్గర బల్బు వెలుగుతుండగా వోల్టేజి 12కు పైనే నిలిచింది. రెండో దాని దగ్గర బల్బు మసకబారింది, మీటర్ 9 చూపించింది. బల్బు తీసేయగానే మళ్లీ 12.6. పక్కింటాయన ముఖంలో వెలుగు ఆ బల్బు కంటే ఎక్కువగా కనిపించింది.

ఇక్కడొక హెచ్చరిక. ఈ బల్బు పరీక్ష సరఫరా తీగకే. ఈసీయూ వైపు తీగకు నేరుగా 12 వోల్టులు ఇస్తే, ఎర్త్ దారిని తెరిచే లోపలి ట్రాన్సిస్టర్ తెరుచుకున్న క్షణంలో అడ్డూ ఆపూ లేని కరెంటు పారి అది కాలిపోవచ్చు. ఆ వైపుకు ఇంజెక్టర్ కనెక్టర్‌లో గుచ్చే చిన్న ఎల్ఈడీ దీపం వాడతారు. స్టార్టర్ తిప్పితే అది మిణుకుమంటుంది. డీజిల్ కామన్ రైల్ బండ్లలో, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో ఇంజెక్టర్ తీగల మీద వోల్టేజి 60 వోల్టులు దాటవచ్చు. ఇంజన్ నడుస్తుండగా వాటి జోలికి వెళ్లకూడదు.

వైరింగ్ మీది టేపు విప్పుకుంటూ పోతే, కనెక్టర్‌కు జానెడు దూరంలో తీగ మెత్తగా తగిలింది. పైతొడుగు కోస్తే లోపల రాగి పోగుల్లో చాలావరకు ఆకుపచ్చ పొడిగా మారిపోయి ఉన్నాయి. ఇళ్లలో రాగి చెంబుకు పట్టే చిలుమే, కాకపోతే సముద్రం పెంచిన చిలుము. అలలు విరిగినప్పుడు గాలిలో కలిసే ఉప్పు తుంపర ఊళ్లోకి చాలా దూరం వస్తుంది. ఉప్పుకు ఒక గుణముంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది తేమను పీల్చి తానే ద్రవమవుతుంది. విశాఖలో అలాంటి ఉదయాలకు కొదవ లేదు. ఆ ఉప్పు నీటిలోని క్లోరైడు రాగి మీద ఉండే రక్షణ పొరను ఛేదిస్తుంది. పోగులు పెనవేసుకున్న తీగ దీపపు వత్తిలా ఆ తడిని లోలోపలికి లాక్కుపోతుంది. బయట తొడుగు మాత్రం నున్నగా మెరుస్తూనే ఉంటుంది.

మరి తొడుగు లోపలికి ఉప్పు ఎలా వెళ్లింది? భూతద్దంతో చూస్తే సరిగ్గా ఆ చోటే ఒక సూది రంధ్రం ఉంది. ఎప్పుడో ఎవరో కరెంటు వస్తోందా అని చూడటానికి తొడుగులోంచి సూది గుచ్చారు. కొలవాలంటే కనెక్టర్ వెనుక రబ్బరు సీలు పక్కనుంచి సన్నని ప్రోబ్ జొనపవచ్చు. తీగను పొడవాల్సిన అవసరమే లేదు.

మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా తీగను కత్తిరించి, అంతే మందం ఉన్న కొత్త ముక్క వేసి టంకం పెట్టాం. లోపల జిగురు ఉండే, వేడికి ముడుచుకునే గొట్టాన్ని పైన తొడిగాం. మళ్లీ బల్బు కలిపితే బ్యాటరీకీ కనెక్టర్‌కూ మధ్య తేడా 0.2 వోల్టులు. టేపు చుట్టే ముందు పక్క తీగలను వేలితో తడుముతుంటే అలాంటివే ఇంకో రెండు సూది రంధ్రాలు దొరికాయి. లోపల రాగి ఇంకా ఎర్రగానే ఉంది. వాటినీ అప్పుడే మూసేశాం.