చంద్రుడు తన చుట్టూ తాను తిరగడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

టెలిస్కోప్‌లో చంద్రుణ్ని చూపించేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తోంది, అంటే చంద్రుడు తిరగట్లేదనే కదా?" బాగా ఆలోచించేవాళ్లకే వచ్చే అనుమానం. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

అపోహ: చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు గానీ తన చుట్టూ తాను తిరగడు.

తిరుగుతాడు. తిరుగుతున్నాడు కాబట్టే ఒకే ముఖం కనిపిస్తోంది. గది మధ్యలో ఎవరినైనా కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్లనే చూస్తూ చుట్టూ ఒక రౌండు నడవండి. వాళ్లకు మీ వీపు కనిపించదు, కానీ మీరు నాలుగు గోడలవైపూ తిరిగేశారు. ఈసారి ఒకే గోడను చూస్తూ నడవండి. ఇప్పుడు ముఖం, భుజాలు, వీపు అన్నీ వాళ్లకు కనిపిస్తాయి. చంద్రుడు తిరగకపోతే నెల తిరిగేసరికి మనమూ అన్ని వైపులూ చూసేసేవాళ్లం.

నక్షత్రాలను ఆధారంగా పెట్టుకుని కొలిస్తే భూమి చుట్టూ తిరగడానికి 27.3 రోజులు, తన చుట్టూ తాను తిరగడానికీ అంతే. ఇంత నెమ్మదైన భ్రమణం వల్లే అక్కడ పగలు మన లెక్కలో రెండు వారాలు ఉంటుంది. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 ల్యాండర్ సోలార్ పలకల మీద నడిచేది కాబట్టి, సెప్టెంబరు మొదట్లో సూర్యుడు అస్తమించకముందే దాన్ని నిద్రపుచ్చాల్సి వచ్చింది.

అపోహ: ఈ రెండు తిరుగుళ్లకూ ఒకే సమయం పట్టడం కాకతాళీయం.

కాదు, ఇది భూమి ఆకర్షణ చేసిన పని. ఒకప్పుడు చంద్రుడు ఇంకా వేగంగా తిరిగేవాడు. భూమి లాగే లాగుడుకు అతని ఆకారం కొద్దిగా సాగి, లోపల రాపిడి పుట్టి, భ్రమణం మందగిస్తూ వచ్చి ఈ లెక్క దగ్గర స్థిరపడింది. గురు, శని గ్రహాల పెద్ద చందమామలదీ ఇదే కథ.

అపోహ: మనకు కనిపించేది సరిగ్గా సగమే.

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది. చంద్రుడి కక్ష్య పూర్తి వృత్తం కాదు. దూరం సుమారు 3.63 లక్షల కిలోమీటర్ల నుంచి 4.05 లక్షల దాకా మారుతుంది. దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా పోతాడు. భ్రమణం మాత్రం ఒకే వేగంతో సాగుతుంది. కక్ష్యలో ముందుకూ వెనక్కూ పడే ఈ తేడా వల్ల చంద్రుడు ఎడమకీ కుడికీ తల ఊపినట్టు కనిపిస్తాడు. భ్రమణాక్షం వాలు వల్ల పైకీ కిందికీ కూడా కొంచెం ఊగుతాడు. అన్నీ కలిపితే కాలక్రమంలో 59 శాతం ఉపరితలం మన కంటపడుతుంది.

ఇది చూడాలంటే బైనాక్యులర్ చాలు. శుక్లపక్షంలో ముందుగా వెలిగే అంచుకు దగ్గర్లో మేర్ క్రిసియం అనే నల్లటి గుండ్రటి మచ్చ ఉంటుంది. దానికీ అంచుకూ మధ్య జాగా ఒక్కోసారి సన్నటి పట్టీలా, ఒక్కోసారి బాగా వెడల్పుగా ఉంటుంది. నెలనెలా పౌర్ణమికి ఒక ఫొటో తీసి పక్కపక్కన పెట్టుకోండి, తేడా తెలిసిపోతుంది.

అపోహ: అవతలి వైపు ఎప్పుడూ చీకటే.

మనకు అమావాస్య అయినప్పుడు అవతలి వైపు పూర్తి వెలుగులో ఉంటుంది. 1959 అక్టోబరులో సోవియట్ వ్యోమనౌక లూనా-3 ఆ వైపును మొదటిసారి ఫొటో తీసింది కూడా ఎండ పడుతున్న వేళే.

అపోహ: చంద్రుడు తూర్పు నుంచి పడమరకు భూమిని చుట్టేస్తాడు.

ఆ కదలిక మన భూమి భ్రమణం వల్ల కనిపించేది. చంద్రుడి అసలు ప్రయాణం పడమర నుంచి తూర్పుకు. పక్కనున్న నక్షత్రాన్ని గుర్తుపెట్టుకుని గంట తర్వాత చూడండి, దాదాపు తన వెడల్పంత తూర్పుకు జరిగి ఉంటాడు. రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయించేది ఇందుకే.