కోర్సు రద్దు చేసింది వాళ్లయితే మీ ఫీజు ఎందుకు పోవాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

వేసవి శిబిరాల హడావుడి తగ్గగానే, వినియోగదారుల కేసులు చూసే నా బల్ల మీదికి ఏటా ఒకే రకం రసీదులు చేరతాయి. ఈత, స్కేటింగ్, కూచిపూడి, గిటార్, బ్యాడ్మింటన్. ఫీజు మొత్తం ముందే కట్టించుకుంటారు. కొన్నాళ్లకు కోచ్ మానేస్తాడు, లేదా అద్దె గొడవతో హాలుకు తాళం పడుతుంది. తల్లిదండ్రులు రసీదు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించి, అప్పటికే ఆశ వదులుకున్నట్టు మాట్లాడతారు.

అపోహ: ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని రసీదు మీద ఉంటే ఇక చేసేదేమీ లేదు.

ఉంది. ఆ షరతు మీరు మధ్యలో మానేసినప్పటి కోసం రాసుకున్నది. తరగతులు ఆపింది నిర్వాహకులైతే లెక్క వేరు. డబ్బు తీసుకుని ఒప్పుకున్న సేవ అందించకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం. అలాంటప్పుడు రసీదులో చెప్పిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా సొమ్ము వాపసు ఇవ్వననడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. తరగతులే మొదలు కాకపోతే మొత్తం అడగండి. కొన్ని జరిగితే మిగిలిన కాలానికి లెక్కకట్టి అడగండి.

అసలు నష్టం ఈ అపోహ వెనకే వస్తుంది. ఉప్పల్ నుంచి వచ్చిన ఒకావిడ ఆరు నెలల ఈత కోర్సుకు 24,000 రూపాయలు కట్టారు. రెండో నెల ముగిసేసరికి కొలను మూసేశారు. ‘వాపసు కావాలంటే ఈ ఫారం నింపండి మేడమ్’ అన్నారట. నింపి సంతకం చేశారు. పైన ‘విరమణ దరఖాస్తు’ అని ఉంది. కారణం అన్న గడిలో ‘వ్యక్తిగతం’ అని ముందే అచ్చు వేసి ఉంది. ఆ ఒక్క కాగితంతో కోర్సు మానుకున్నది ఆవిడే అన్నట్టు తేలింది. ‘ఇక రూలు ప్రకారం రాదు’ అని పంపించేశారు. ‘నా సంతకంతోనే డబ్బు పోయిందా సార్?’ అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పోలేదమ్మా అన్నాను. కొలను మరమ్మతుల వల్ల బ్యాచ్ రద్దు చేస్తున్నామని నిర్వాహకులే వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం ఆవిడ ఫోనులో తేదీతో సహా ఉంది. ఫారం నింపిన తేదీ దాని తర్వాతది. రెండూ జతచేసి నోటీసు పంపాం. నాలుగు నెలల డబ్బు, 16,000 రూపాయలు, వచ్చింది.

ఆ సందేశమే లేకపోతే చాలా కష్టమయ్యేది. అందుకే కోపంతో గ్రూపు చాట్ తుడిచేయకండి. ఏ ఫారమైనా ‘మీరు తరగతులు రద్దు చేసినందువల్ల’ అని మీ చేత్తో రాయనిస్తేనే సంతకం పెట్టండి. వాళ్లు ఇచ్చే క్రెడిట్ నోటు (డబ్బుకు బదులు తర్వాత వాడుకోమని ఇచ్చే కాగితం), వేరే బ్రాంచిలో సర్దుబాటు మీకు ఇష్టమైతేనే ఒప్పుకోండి. ఎల్బీ నగర్ పిల్లవాణ్ణి రోజూ కొండాపూర్ తీసుకెళ్లమనడం సర్దుబాటు కాదు.

అపోహ: ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 10 రోజుల్లో వాపసు ఇచ్చి తీరాలి.

వాట్సాప్‌లో తిరిగే ఈ ఫార్వర్డ్‌కు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన ఆ మార్గదర్శకాలు చదువుల కోచింగ్ కేంద్రాలకు. క్రీడలు, నృత్యం, నాటకం వంటి వాటిని ఆ మార్గదర్శకాల్లోనే మినహాయించారు. అవి పట్టుకుని వెళితే అవతలివాళ్లు మొదటి నిమిషంలోనే మిమ్మల్ని తప్పు పడతారు. మీ బలం 2019 చట్టం. ‘మాది విద్యాసంస్థ, ఆ చట్టం మాకు వర్తించదు’ అంటే బెదరకండి. బడులు, కాలేజీలు, అవి నడిపే ఈత వంటి కార్యక్రమాలు దాని కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో అన్న మాట నిజమే. కోచింగ్ సంస్థలకు ఆ రక్షణ లేదని కూడా అదే తీర్పులో ఉంది. బయట నడిచే ప్రైవేటు అకాడమీ బడి కాదు.

మిగతావి త్వరగా. రసీదు పోతే యూపీఐ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. ‘జీఎస్టీ కట్టేశాం, అది రాదు’ అంటే ఒప్పుకోకండి, దాన్ని సర్దుకునే మార్గం వాళ్లకు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు అడుగుతుంది, ఆదేశించే అధికారం దానికి లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వకీలు తప్పనిసరి కాదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుమూ లేదు. మీరు నివసించే జిల్లాలోనే, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు.

ఈఎంఐ మీద కట్టినవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగండి. తరగతులు ఆగాయని వాయిదాలు ఆపేస్తే అప్పు ఇచ్చిన సంస్థ మీ క్రెడిట్ స్కోరు మీదికి వస్తుంది. ముందు ఆ సంస్థకు రద్దు విషయం రాతపూర్వకంగా తెలపండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ‘వచ్చే నెల చూద్దాం’ అని వాళ్లు ఫోనులో చెప్పే మాటలతో ఆ గడువు పెరగదు. ఫోను పెట్టేయగానే అదే మాటను వాట్సాప్‌లో రాసి పంపి, అవునో కాదో జవాబు తీసుకోండి.